పదో దిమ్మ

ఉదయం పదకొండింటికి జిల్లా శిశు వికాస మదింపు కేంద్రం తలుపులకు లోపలి నుంచి గడియ పడింది. లోపల అనుమానితులు పన్నెండుమంది. వాళ్లలో ఎనిమిదిమందికి ఇంకా పళ్లు పూర్తిగా రాలేదు.

"ఎవ్వరూ కదలకూడదు!" అన్నారు ఉపసంచాలకులు త్రిమూర్తులుగారు.

చాప మీదున్న ఆరునెలల పాప కదిలింది.

"ఆమె పేరు రాసుకో సత్తిరాజూ."

రాసుకున్నాను. నేను ఈ కేంద్రంలో జూనియర్ అసిస్టెంటును. స్టాక్ రిజిస్టరు నాది, కాబట్టి అనుమానితుల జాబితాలో మొదటి పేరు కూడా నాదే. రెండోది అటెండరు సింహాచలం. మూడోది కాంట్రాక్టు మీద కొత్తగా చేరిన పిల్లల సైకాలజిస్టు ఫరీదా మేడం. మిగతా తొమ్మిదిమందీ ఆ రోజు మదింపుకు వచ్చిన పిల్లలు. తల్లులు కూడా లోపలే ఉన్నారు గాని జాబితాలో లేరు. పథకంలో లబ్ధిదారులు పిల్లలే కాబట్టి బాధ్యత కూడా పిల్లలదేనని సారు తేల్చేశారు.

పోయింది మామూలు వస్తువు కాదు. మదింపు కిట్టులో పది ఎర్ర చెక్క దిమ్మలుండాలి. తనిఖీ కోసమని రెండు నెలల కింద సీలు వేసిన కిట్టును పొద్దున దుమ్ము దులుపుదామని విప్పితే తొమ్మిదే ఉన్నాయి. మధ్యాహ్నం మూడింటికి రాజధాని నుంచి సంయుక్త సంచాలకులు వసుంధరాదేవిగారు తనిఖీకి వస్తున్నారు.

"ఆవిడ వచ్చేలోగా దొంగ పేరు నా బల్ల మీద ఉండాలి," అన్నారు సారు.

సంగతి మొదటి నుంచీ చెప్పాలి. ప్రభుత్వం చేసిన ఆలోచన మంచిదే. మూడేళ్లలోపు పిల్లలు వేళకు పాకుతున్నారా, నడుస్తున్నారా, మాట్లాడుతున్నారా అని చూడాలి. ఎవరైనా వెనకబడితే చిన్నప్పుడే గుర్తించి ఏరియా ఆసుపత్రిలో ఉచితంగా శిక్షణ ఇప్పించాలి. దీనికి నిధులిచ్చారు, కిట్టు ఇచ్చారు. కిట్టులో పది దిమ్మలు, ఓ గంట, గుడ్డబొమ్మ, అద్దం. దాంతోపాటు ఒక సర్క్యులరు వచ్చింది: "కిట్టు ప్రభుత్వ ఆస్తి. విరిగినా, చిరిగినా, తడిసినా సంబంధిత అధికారిదే బాధ్యత."

తడిసినా అన్న దగ్గర సారు ఆగిపోయారు. ఆయనకు ఇంట్లో ఇద్దరు మనవలున్నారు.

మర్నాడే సారు మెమో ఇచ్చారు. లబ్ధిదారులు కిట్టును తాకరాదు. మరి మదింపు ఎలా? దానికీ సారే దారి చూపించారు. లబ్ధిదారుని ఎదురుగా కూర్చోబెట్టి, లబ్ధిదారుని తరఫున సింహాచలం దిమ్మలు పేరుస్తాడు. సింహాచలం ఒకప్పుడు ఎన్జీవోల క్యారమ్స్ పోటీల్లో కప్పు గెలిచినవాడు. చెయ్యి వణకదు. పది దిమ్మలూ పదకొండు సెకన్లలో నిలబెట్టేస్తాడు. అలా మా జిల్లాలో అయిదు నెలల పిల్లలు కూడా పది దిమ్మలు పేర్చడం మొదలుపెట్టారు. మెడ నిలపడంలో నూటికి నూరు. పిలిస్తే తిరిగి చూడటంలో నూటికి నూరు. పేరు అడిగితే సింహాచలం తన పేరు చెప్పేవాడు. రికార్డుల ప్రకారం మా జిల్లాలో ఆ ఏడు నాలుగు వందలమంది పసిపిల్లల పేరు సింహాచలం. వాళ్లలో సగంమంది ఆడపిల్లలు.

బోర్లా పడటంలో మాత్రం జిల్లా వెనకబడింది. సింహాచలానికి నడుంనొప్పి.

అయినా రాష్ట్రంలో మాదే మొదటి స్థానం. ఫలితాలు బాగున్న జిల్లాకు మరిన్ని నిధులు, ఆ నిధులతో మరిన్ని మదింపులు, ఆ మదింపులకు మళ్లీ సింహాచలం. ప్రశంసాపత్రం సారు బల్ల మీద అద్దం కింద మెరుస్తూ ఉండేది.

ఇప్పుడు ఆ బల్లకే ఎసరొచ్చింది.

"సార్, విచారణ విచారణలాగే సాగనివ్వండి. ఈ పాప మదింపు మాత్రం ఇవాళ చేసెయ్యాలి," అంది ఫరీదా మేడం.

ఆమె పక్కన నూకరత్నం నిలబడి ఉంది. రొయ్యల ప్లాంటులో తలలు తీసే పని. చంకలో కూతురు మోక్షిత. ఈ కేంద్రానికి రావడం నాలుగోసారి. మొదటిసారి కిట్టు విప్పాక కరెంటు పోయింది. రెండోసారి సారు మీటింగులో ఉన్నారు. మూడోసారి సర్వరు పనిచెయ్యలేదు. వచ్చిన ప్రతిసారీ ఆ పిల్ల సారు గదిలోకి పరిగెత్తి ఆయన బల్ల కింద దూరేది. బయటికి లాగితే ఏడ్చేది. "బల్లల యెడల అసహజ ఆసక్తి" అని సారు నాచేత ఫైల్లో రాయించారు కూడా.

"రేపటికి దీనికి మూడేళ్లు నిండిపోతాయండి," అంది నూకరత్నం. "రేపు రెండో శనివారం, ఆపీసుండదంట. ఇయ్యాల కాయితం ఇయ్యకపోతే ఆసుపత్రోళ్లు చేర్చుకోరండి. మూడేళ్లు దాటినోళ్లకి స్కీము ఇంకా రాలేదంటండి."

"సమస్య ఏమిటి?"

"మాట రాదండి. చెవులు బాగానే ఇనపడతాయి, ఏది సెప్పినా సేత్తది. నోట్లోంచి మాత్రం ఒక్క మాట రాదు. నన్ను అమ్మా అని కూడా పిలవలేదు బాబూ."

సారు ముఖంలో నిజంగానే జాలి కనిపించింది. ఆయన చెడ్డమనిషి కాదు. "పాపం," అన్నారు. "కాని తొమ్మిది దిమ్మలతో చేసిన మదింపు చెల్లదమ్మా. నిబంధన."

నూకరత్నం మేడాన్ని పక్కకు లాగి గొంతు తగ్గించింది. "ఇంకో సంగతండీ మేడంగారూ. ఈలోపు ఇది ఒక మాట అనేసిందనుకోండి, సీటు పోద్దా?"

"యాభై మాటలు దాటేదాకా ఏ సీటూ పోదు నూకరత్నం గారూ. ఒక్కటి అన్నా మీకంటే ముందు నేను గంతులేస్తాను," అంది మేడం.

విచారణ మొదలైంది. మొదట అందరికీ సంజాయిషీ నోటీసులు. మీపై చర్య ఏల తీసుకొనరాదో ఇరవై నాలుగు గంటల్లో తెలుపవలెను. ఏడు నెలల గౌతమ్ నోటీసు అందుకుని, రెండు చేతులా పట్టుకుని నమిలాడు. సారు "అందినట్టు" రాయించారు. తరవాత వాంగ్మూలాలు.

"దిమ్మను చూశావా?"

గౌతమ్ ఉమ్మితో బుడగ ఊదాడు.

"రాశావా సత్తిరాజూ?"

"రాశాను సార్. బుడగ."

"ఎన్ని?"

"రెండు సార్."

"రెండూ రాయి. రేపు మాట మారిస్తే పట్టుకోవచ్చు."

తరవాత టేపు తెచ్చి బీరువా అర ఎత్తు కొలిచారు. కిట్టు ఉండేది నేలకు రెండున్నర అడుగుల ఎత్తున. పాకేవాళ్లకు అందదు. దాంతో ఆరుగురు నిర్దోషులుగా బయటపడ్డారు. వాళ్లలో ఒకడికి ఆ సంగతి తెలియజేస్తుండగానే నిద్రపట్టింది. మిగిలింది నడవగలిగిన ముగ్గురు. దిమ్మ చూపించి ఇదేమిటని అడిగితే ఒకడు "బాలు" అన్నాడు, ఇంకో పాప "అత్త" అంది. ఇద్దరూ విచారణకు సహకరించినట్టు నమోదైంది.

మోక్షిత ఏమీ అనలేదు. సారు వంక చూసింది. ఆయన గది వంక చూసింది. మళ్లీ సారు వంక చూసింది.

"చూశావా ఆ చూపు?" అన్నారు సారు నా చెవిలో. "ఇది వ్యూహాత్మక మౌనం. రాయి. ప్రధాన అనుమానితురాలు నోరు మెదపక విచారణకు సహకరించుట లేదు."

"సార్, తనకి మాటలు రావు. అందుకే ఇక్కడికి తెచ్చారు," అంది ఫరీదా మేడం.

"మాటలు రావని ధ్రువపత్రం ఉందా?"

"అది ఇవ్వాల్సింది మనమే సార్."

"తప్పకుండా ఇద్దాం. మదింపు చేసి ఇద్దాం. మదింపుకు పది దిమ్మలు కావాలి. పదోది ఎక్కడుందో ఆమె చెప్పాలి."

"ఆమెకి మాటలు రావు సార్."

"ధ్రువపత్రం ఉందా?"

ఇలా మూడు చుట్లు తిరిగారు. నాలుగో చుట్టులో టీ వచ్చింది.

టీ చల్లారకముందే ఆర్డరు తయారైంది. అనుమానితురాలిపై విచారణ పూర్తయ్యేవరకు ఆమె మదింపును నిలిపివేయడమైనది. నూకరత్నం ఆ కాగితం పట్టుకుని "ఇదేనాండి సీటు కాయితం?" అని ఆశగా అడిగింది. నేను చదివి చెప్పాను. ఆవిడ కూతురి జుట్టు సవరించి, "నాలుగు రోజుల కూలి పోగొట్టుకుని నిన్ను దొంగని చేయించుకున్నానే తల్లీ," అంది. అంటూనే నవ్వింది గాని, కళ్లు తుడుచుకుంది.

మూడింటికి చెప్పిన వేళకే వసుంధరాదేవిగారు వచ్చారు. కళ్లజోడు, చేతిలో రిజిస్టరు, వెనక ఫొటోగ్రాఫరు.

"మీ జిల్లాలో అయిదు నెలల పిల్లలు పది దిమ్మలు పేరుస్తున్నారు. రాష్ట్రమంతా ఈ నమూనా అమలు చేయాలని పైస్థాయిలో నిర్ణయం జరిగింది. చూపించండి."

గౌతమ్‌ను కూర్చోబెట్టారు. ఎదురుగా సింహాచలం మఠం వేసుకుని కూర్చుని, చొక్కా చేతులు మడిచి, టకటకా పేర్చాడు.

"పిల్లవాడు ఏం చేస్తున్నాడు?"

"పర్యవేక్షిస్తున్నాడు మేడం," అన్నారు సారు.

ఆవిడ కోప్పడతారనుకున్నాం. ఆవిడ నిబంధనల పుస్తకం తిరగేశారు. "తరఫున చేయరాదని ఎక్కడా లేదు," అన్నారు మెల్లగా. "వినూత్నం. చాలా వినూత్నం." తరవాత దొంతర వంక చూశారు. ముఖం నల్లబడింది. "తొమ్మిదే ఉన్నాయే!"

"పదోది విచారణలో ఉంది మేడం."

"పిల్లలు ఎదగకపోతే మరో ఏడు ఎదుగుతారు త్రిమూర్తులుగారూ. ప్రభుత్వ దిమ్మ పోతే తిరిగి రాదు." ఆవిడ రిజిస్టరు తెరిచారు. "దిమ్మ దొరికేదాకా ఈ రోజు ఒక్క మదింపూ చెల్లదు. దొరికితే సరిపోదు. తీసినవారు ఎవరో ఈ గడిలో పడాలి. కళ్లారా చూసిన సాక్షి నోటితో చెబితే విని నేను రాయాలి. ఆకాశరామన్న చీటీలు కుదరవు. పేరు పడిందా, ఆ క్షణం నుంచి కిట్టు చెల్లుతుంది, మదింపులూ చెల్లుతాయి. లేదా, మీ కేంద్రం మూత."

అందరం సారు గదిలోకి మారాం. కిట్టు చాప మీదికి చేరింది. అధికారులు బల్లకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు. నన్ను పిలిచారు, సింహాచలాన్ని పిలిచారు, మళ్లీ నన్ను పిలిచారు. గోడ గడియారం నాలుగున్నర దాటింది. అయిదు తరవాత ఎక్కించిన కాగితానికి మా కంప్యూటరు మరుసటి పనిరోజు తేదీ వేస్తుంది. అంటే సోమవారం. మోక్షితకు మూడేళ్లు నిండిన రెండు రోజులకు.

"పాప ఏదండీ?" అంది నూకరత్నం ఉన్నట్టుండి.

పాప లేదు. తలుపు గడియ వేసే ఉంది.

అప్పుడు బల్ల కదిలింది.

మొదట కొంచెమే. తరవాత ఒక మూల దభీమని కిందికి దిగింది. సారు టీ గ్లాసు అద్దం మీద జారుకుంటూ వెళ్లి బోల్తా పడింది. ప్రశంసాపత్రం అంచున టీ ఇంకడం మొదలైంది. బల్ల కింద నుంచి ముందు ఒక చిన్న చెయ్యి బయటికొచ్చింది. ఆ చేతిలో ఎర్ర దిమ్మ.

మోక్షిత ఎవర్నీ పట్టించుకోలేదు. చాప దగ్గరికి వెళ్లి కూర్చుంది. మొదటి దిమ్మ పెట్టింది. దాని మీద రెండోది. సారు "తాకరాదు" అనబోయారు. ఫరీదా మేడం అప్పటికే స్టాప్‌వాచ్ నొక్కేసింది. అయిదు, ఆరు, ఏడు. ఏడో దాని దగ్గర దొంతర ఊగింది. పిల్ల నాలుక బయటపెట్టి, అరచేతితో పక్క నుంచి సర్దింది. ఎనిమిది. తొమ్మిది. బల్ల కింద నుంచి తెచ్చిన దాన్ని గౌనుకు తుడిచి, అన్నిటికంటే పైన పెట్టింది.

నలభై ఏడు సెకన్లు. మా జిల్లా చరిత్రలో సింహాచలం కాని మనిషి పేర్చిన మొదటి దొంతర అది. సింహాచలమే ముందు చప్పట్లు కొట్టాడు.

ఫరీదా మేడం ఆగలేదు. గంట మోగించి చూసింది, బొమ్మ ముక్కు చూపించమంది, అద్దం ఇచ్చింది, తలుపు దాకా నడిపించింది. పది నిమిషాల్లో ఫారం నింపేసింది. చేతిపని బాగుంది, వినికిడి బాగుంది, గ్రహింపు బాగుంది. మాటల సంఖ్య దగ్గర సున్నా. శిక్షణ అవసరమని రాసి, కాగితం సారు ముందు పెట్టింది.

సారు కలం మూత తీశారు.

"ఆగండి," అన్నారు వసుంధరాదేవిగారు. "పేరు పడలేదు."

గడియారంలో అయిదుకు ఏడు నిమిషాలు తక్కువ.

"నిజమే!" సారు లేచి నిలబడ్డారు. ఆయన కోపంలో నటన లేదు. "నా గదిలో, నా బల్ల కింద, నా కాళ్ల దగ్గర, నాకు తెలియకుండా ప్రభుత్వ దిమ్మను దాచింది ఎవరు?"

నేను సింహాచలం వంక చూశాను. సింహాచలం ఫ్యాను వంక చూశాడు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ దిమ్మ ఎక్కడుందో నాకు పొద్దుటి నుంచీ తెలుసు. రెండు నెలల కింద మోక్షిత మొదటిసారి వచ్చిన రోజున కిట్టు ఈ బల్ల మీదే విప్పారు. నేను సంతకాలకు ఫైళ్లు పట్టుకుని నిలబడ్డాను. సంతకం పెట్టేటప్పుడల్లా బల్ల ఊగుతోంది. "ఛ, ఈ బల్లకో చెక్కముక్క పెట్టేవాడే లేడా!" అని సారు విసుక్కుని, చేతికందిన దిమ్మ తీసి, స్వయంగా వంగి, కాలి కింద తోశారు. కరెంటు పోయింది. సారు మరచిపోయారు. చూసినవాళ్లం ముగ్గురం. నేను, సింహాచలం, నేల మీద కూర్చుని సరిగ్గా ఆ ఎత్తునే కళ్లున్న మోక్షిత. మరి ఎందుకు చెప్పలేదంటారా? దిమ్మ ఎక్కడ పెట్టారు సార్ అని సారును అడగడానికి ప్రవర్తనా నియమావళిలో నమూనా లేదు. పైగా నా ప్రమోషను ఫైలు ఆ బల్ల మీదే, టీ పారుతున్న వైపే ఉంది.

"మీరు చూశారా?" వసుంధరాదేవిగారు సింహాచలాన్ని అడిగారు.

"నాకు శుక్లాలండి మేడం. దగ్గరవి అసలు కనపడవండి," అన్నాడు పదకొండు సెకన్ల మొనగాడు.

"మీరు?"

చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆవలింత వచ్చింది.

"నేను చేరి నెలే అయింది మేడం," అంది ఫరీదా. "లేకపోతే నేనే చెప్పేదాన్ని."

"మొదటిసారి కిట్టు ఇప్పినప్పుడు నేను జిరాక్సు కొట్టు కాడ ఉన్నానండి," అంది నూకరత్నం. "ఎవరన్నా సెప్పండి బాబూ. సెప్తే ఏవవుద్ది? మీకు మాటొచ్చు కదండీ!"

సింహాచలం మళ్లీ ఫ్యాను వంక చూశాడు, నేను గడియారం వంక చూశాను. ఫరీదా మేడం మమ్మల్ని ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చి, "ఇంకో రెండు ఫారాలు తెచ్చుకోవాల్సింది," అంది.

అయిదుకు మూడు నిమిషాలు. వసుంధరాదేవిగారు రిజిస్టరు మూయబోయి, ఎందుకో ఆగారు. కళ్లజోడు తీసి, కుర్చీలోంచి వంగి, అధికారి గొంతు కాని గొంతుతో అడిగారు.

"నువ్వు చూశావా తల్లీ? దాన్ని అక్కడ ఎవరు పెట్టారు?"

మోక్షిత ఆవిడ వంక చూసింది. తన దొంతర వంక చూసింది. నాలుగుసార్లు వచ్చింది ఈ పిల్ల ఈ భవనానికి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుని మమ్మల్ని వింది. మేము ప్రతి వాక్యానికి ముందు అనే మాట, వెనక అనే మాట, ఏమీ తోచకపోతే మధ్యలో అనే మాట ఒక్కటే.

లేచింది. ఒరిగిన బల్ల చుట్టూ నడిచి, త్రిమూర్తులుగారి ముందుకు వెళ్లి నిలబడింది. ఆయన కలం పట్టుకుని అలాగే ఉన్నారు. నూకరత్నం చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్ల పెదాలు ఒకసారి విడివడి మళ్లీ కలుసుకున్నాయి. చూపుడువేలు పైకి లేచి, ఉపసంచాలకుల చొక్కా గుండీకి ఆనింది.

మా కేంద్రంలో ఏ పెద్దమనిషీ ఆ రోజంతా పలకలేకపోయినంత స్పష్టంగా, గదంతా వినపడేలా, మోక్షిత పలికింది.

"సారు!"